అమెరికా డీఓటీల పాత మెట్రిక్ ప్లాన్లు చేతికొస్తే ఎలా చదవాలి

ఇండియాలో సివిల్ బీటెక్ చేసి, ఇక్కడ అమెరికాలో ఎమ్మెస్ అయ్యాక రోడ్లు, బ్రిడ్జిల డిజైన్‌లో చేరిన మనవాళ్ళకి మొదటి రెండు మూడేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుంది. ఏదో బ్రిడ్జిని వెడల్పు చేసే పని వస్తుంది, రాష్ట్ర డీఓటీ (రవాణా శాఖ) నుంచి పాత యాజ్-బిల్ట్ ప్లాన్లు (కట్టినదాన్ని కట్టినట్టు చూపించేవి) తెప్పిస్తారు, ఫైల్ తెరిస్తే 1997 అనో 1999 అనో తేదీ ఉంటుంది, లోపల అడుగులు, అంగుళాలు ఒక్కటీ కనపడవు. అన్నీ మీటర్లు, మిల్లీమీటర్లు, మెగాపాస్కల్స్. అప్పటిదాకా అడుగులతో, పౌండ్లతో కుస్తీ పడుతున్న మనకి అది చూడగానే పుట్టింటికి వచ్చినట్టు ఉంటుంది. సరిగ్గా అక్కడే తప్పులు జరుగుతాయి. ఆ మీటర్లు చూడటానికి మన మీటర్లలాగే ఉంటాయి కానీ వాటి వెనక ఉన్న కడ్డీలు, కాంక్రీటు, కొలిచే పద్ధతి మనవి కావు. అలాగని వాటిని గబగబా అడుగుల్లోకి మార్చేస్తే ఇంకో రకం తప్పు.

నేను చెప్పేది ఒక్కటే. అంకె కనపడగానే 3.28తో గుణించకండి. ముందు ఆ అంకె ఎలా పుట్టిందో తెలుసుకోండి, తర్వాతే మార్చండి, అదీ ఒక్కసారే మార్చండి.

ఈ ప్లాన్లు అసలు ఎక్కడి నుంచి వచ్చాయి

కొంచెం చరిత్ర తెలియాలి, ఎందుకంటే ప్లాన్ మీద తేదీ చూసి సగం విషయం పట్టేయొచ్చు. అమెరికాలో మెట్రిక్ వాడకం 1866 నుంచే చట్టబద్ధం. 1893లో మెండెన్‌హాల్ ఆర్డర్ వచ్చాక గజానికీ పౌండుకీ నిర్వచనాలే మీటరు, కిలోగ్రాముల నుంచి తీసుకున్నారు. 1975లో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన మెట్రిక్ కన్వర్షన్ చట్టంలో గడువూ లేదు, బలవంతమూ లేదు. దాని కింద పెట్టిన మెట్రిక్ బోర్డుని 1982లో రీగన్ హయాంలో ఎత్తేశారు. మధ్యలో 1977లో ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ రోడ్డు బోర్డులన్నీ కిలోమీటర్లలోకి మార్చాలని ప్రతిపాదించింది, జనం నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది, అదే ఏడాది వెనక్కి తీసుకుంది. ఆ ప్రయత్నాల కాలానికి గుర్తుగా అరిజోనాలో టూసాన్ నుంచి నొగాలెస్ వరకు ఉన్న ఐ-19 మీద ఈరోజుకీ దూరాలు కిలోమీటర్లలో కనిపిస్తాయి, వేగ పరిమితి మాత్రం మైళ్ళలోనే.

అసలు కదలిక 1988లో వచ్చింది. ఆ ఏడాది చేసిన వాణిజ్య చట్టం ఫెడరల్ శాఖలన్నీ వీలైనంతవరకు 1992 ఆర్థిక సంవత్సరం చివరికల్లా మెట్రిక్‌లోకి రావాలంది. 1991 జూలైలో సీనియర్ బుష్ 12770 నంబరు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌తో దాన్ని ఇంకా గట్టిచేశాడు. దాని ప్రకారం ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ ఒక తేదీ పెట్టింది: 1996 సెప్టెంబరు 30 తర్వాత ఫెడరల్ డబ్బుతో కట్టే రోడ్ల కాంట్రాక్టులన్నీ మెట్రిక్‌లో ఉండాలి. రాష్ట్రాల డీఓటీలు మాన్యువల్స్ తిరగరాశాయి, స్టాండర్డ్ డ్రాయింగులు మళ్ళీ గీయించాయి, రాష్ట్రాల హైవే అధికారుల సంఘం ఆష్టో వాళ్ళ రోడ్డు డిజైన్ పుస్తకం, గ్రీన్ బుక్, 1994 ఎడిషన్ పూర్తిగా మెట్రిక్‌లోనే వచ్చింది.

ఇంతలో కాంట్రాక్టర్లు, స్థానిక సంస్థలు ఒప్పుకోలేదు. 1995 నేషనల్ హైవే సిస్టమ్ చట్టంలో కాంగ్రెస్ ఆ గడువుని 2000కి జరిపింది. 1998లో టీఈఏ-21 చట్టంతో గడువునే తీసేసి, మీ ఇష్టం అని రాష్ట్రాలకి వదిలేసింది. అంతే, ఒక్కో రాష్ట్రం వెనక్కి మళ్ళింది. కొన్ని వెంటనే, కాలిఫోర్నియాలాంటివి 2000లలోకి వచ్చాక.

మన దేశంలో 1956లో చట్టం చేస్తే 60ల మొదటికల్లా మైలురాళ్ళు కిలోమీటరు రాళ్ళయ్యాయి. ఇక్కడ ఎందుకు అవ్వలేదు అని చాలామంది అడుగుతారు, దానికి జనం మొండితనం అని తేలిగ్గా జవాబు చెప్పేస్తారు. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. డబ్బు ఫెడరల్‌ది, కానీ రోడ్లు రాష్ట్రాలవి, చిన్న రోడ్లు కౌంటీలవి, భూమి రికార్డులు అడుగుల్లో ఉన్నవి, కాంక్రీటు ప్లాంటు గజాల్లో అమ్మేది. డబ్బు ఇచ్చేవాడు ఒక్క కాగితం మీద సంతకం చేస్తే ఈ గొలుసంతా కదలదు. నాకు మాత్రం ఆ మార్పు పూర్తవ్వాల్సిందనే ఉంది, అయితే అది వేరే మాట.

మన పనికి కావలసింది ఏంటంటే, ప్లాన్ తేదీ సుమారు 1993కీ 2000ల మధ్యకీ నడుమ ఉంటే మెట్రిక్ అయ్యే అవకాశం ఉంది. అదే రోడ్డు మీద పక్క ప్రాజెక్టు అడుగుల్లో ఉండొచ్చు. మెట్రిక్‌కీ అడుగులకీ మధ్య పడిన ప్రాజెక్టుల్లో అయితే రోడ్డు షీట్లు మెట్రిక్‌లో, యుటిలిటీ షీట్లు అడుగుల్లో ఉండటం కూడా జరుగుతుంది. అందుకని సెట్ మొత్తానికి ఒకే యూనిట్ అనుకోకండి, షీటు షీటుకీ చూడండి.

తెరవగానే చూడాల్సినవి

టైటిల్ షీట్, జనరల్ నోట్స్ రెండూ పూర్తిగా చదవండి. "వేరే చెప్పకపోతే కొలతలన్నీ మిల్లీమీటర్లలో" అనే తరహా నోట్ ఎక్కడో ఉంటుంది. లేకపోయినా అప్పటి అలవాటు ఒకటుంది: పూర్ణాంకం ఉంటే మిల్లీమీటర్లు, దశాంశం తర్వాత మూడు అంకెలు ఉంటే మీటర్లు. 3600 అంటే మిల్లీమీటర్లు, 3.600 అంటే మీటర్లు, పక్కన యూనిట్ రాయరు. సెంటీమీటర్లు దాదాపు కనపడవు.

స్కేలు చూడండి. ఇక్కడి మామూలు ప్లాన్లలో అంగుళానికి 40 అడుగులు, 50 అడుగులు అని ఉంటుంది. మెట్రిక్ వాటిలో 1:500, 1:1000, 1:250. అంగుళానికి 50 అడుగులంటే 1:600, 40 అడుగులంటే 1:480. అంటే ఏదీ సరిగ్గా కలవదు. పాత షీటు పైన కొత్త షీటు పెట్టి వెలుతురులో చూసి "సరిపోయింది" అనుకోవద్దు. ఇంకా పీడీఎఫ్ సగం సైజులో స్కాన్ అయి ఉంటే 1:500 కాస్తా 1:1000 అయిపోతుంది. గ్రాఫిక్ స్కేల్ గీత ఉంటే దాన్ని మాత్రమే నమ్మండి, అది కూడా షీటుతో పాటే కుంచించుకుపోతుంది కాబట్టి.

హార్డ్, సాఫ్ట్ తేడా

ఇది అర్థమైతే మిగతావి తేలిక. పాత అడుగుల కొలతనే తీసుకుని అంకె మాత్రమే మీటర్లలో రాస్తే అది సాఫ్ట్ కన్వర్షన్, వస్తువు మారలేదు, పేరు మారింది. కొలతనే గుండ్రని మెట్రిక్ అంకెకి మార్చి అలాగే కడితే హార్డ్ కన్వర్షన్, వస్తువే మారింది.

లేన్ వెడల్పు హార్డ్. అమెరికాలో మామూలు లేన్ 12 అడుగులు, అంటే 3.658 మీటర్లు. మెట్రిక్ రోజుల్లో దాన్ని 3.6 మీటర్లు చేశారు, అంటే 11.81 అడుగులు. ఒక్క లేన్‌కి రెండుంపావు అంగుళాల తేడా, ఏముందిలే అనిపిస్తుంది. బయటి షోల్డర్ (లేన్ పక్కనుండే అంచు) 3.0, రెండు లేన్లు 3.6 చొప్పున, లోపలి షోల్డర్ 1.2 ఉన్న రోడ్డు తీసుకోండి, మొత్తం 11.4 మీటర్లు, అంటే 37.40 అడుగులు. అలవాటు కొద్దీ దాన్ని 10, 12, 12, 4 అనుకుంటే 38 అడుగులు. ఏడు అంగుళాలకి పైగా తేడా వచ్చింది. మీరు వెడల్పు చేసే బ్రిడ్జి మీద ఆ ఏడు అంగుళాలు గర్డర్ అంచు మీదో, బ్యారియర్ లోపలో వచ్చి పడతాయి. అందుకే మెట్రిక్ రోడ్డుని వెడల్పు చేసేటప్పుడు ఉన్న లేన్ 11.81 అని అలాగే చూపించి, కొత్త 12 అడుగుల లేన్‌తో ఎక్కడ కలుస్తుందో అక్కడ నెమ్మదిగా కలపాలి.

డిజైన్ స్పీడ్ కూడా అంతే. గంటకి 70 మైళ్ళ బదులు 110 కిలోమీటర్లు పెట్టారు, అది నిజానికి 68 మైళ్ళు. ఈ రోజు అదే రోడ్డుని 70 మైళ్ళకి సరిచూస్తే వంపో, సైట్ డిస్టెన్సో (డ్రైవరుకి ముందు కనపడే దూరం) కొంచెం తక్కువ పడొచ్చు. అప్పటి ఇంజినీరు తప్పు చేశాడని రిపోర్టులో రాయకండి. ఆనాటి ప్రమాణానికి అది సరైనదే, ఈనాటి ప్రమాణానికి డిజైన్ ఎక్సెప్షన్ (ప్రమాణం నుంచి మినహాయింపు) కావాలా అన్నది వేరే ప్రశ్న.

బ్రిడ్జి కింద ఎత్తు గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. 16 అడుగులకి బదులు 4.9 మీటర్లు వాడారు, అది 16 అడుగుల కంటే ఒక అంగుళం లోపే ఎక్కువ. ఆ అంకె చూసి క్లియరెన్స్ బోర్డు మీద వేసే అంకె నిర్ణయించకండి. ఆ తర్వాత పాతికేళ్ళలో కింద రోడ్డు మీద ఎన్నిసార్లు తారు పొర వేశారో ప్లాన్‌లో ఉండదు. మనుషుల్ని పంపి కొలిపించండి, తప్పనిసరిగా.

స్టేషనింగ్, అంటే మన చైనేజ్

ఇది రోడ్డు మొదలు నుంచి ఎంత దూరమో చెప్పే అంకె. ఇండియాలో హైవే పని చేసినవాళ్ళకి 12+400 అంటే పన్నెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. ఇక్కడి మామూలు ప్లాన్‌లో 12+40 అంటే 1240 అడుగులు, స్టేషన్ అంటే వంద అడుగులు. మెట్రిక్ ప్లాన్లలో ఎక్కువగా స్టేషన్ అంటే కిలోమీటరు, అచ్చం మన చైనేజ్ లాగే, కానీ కొన్నిచోట్ల వంద మీటర్ల స్టేషన్ కూడా వాడారు. ప్లస్ తర్వాత, దశాంశానికి ముందు, మూడు అంకెలుంటే కిలోమీటరు స్టేషన్, రెండే ఉంటే వంద మీటర్లది. కంగారు ఉంటే వరసగా ఉన్న రెండు టిక్ మార్కుల మధ్య దూరం కొలిచి చూసుకోండి.

మార్చాల్సి వస్తే, 12+400 అంటే 12,400 మీటర్లు, 0.3048తో భాగిస్తే 40,682.41 అడుగులు, అంటే 406+82.41. కానీ నా సలహా, పాత అలైన్‌మెంట్‌ని ఇలా మొత్తం మార్చి కొత్త స్టేషన్లు పుట్టించకండి. కొత్త అలైన్‌మెంట్‌కి కొత్త స్టేషన్లు ఇచ్చి, రెండూ కలిసేచోట ఈక్వేషన్ (పాత స్టేషన్ ఇంత, కొత్త స్టేషన్ ఇంత అని) రాసి, పాతది మీటర్లలో, కొత్తది అడుగుల్లో అని పక్కనే స్పష్టంగా పెట్టండి. రేపు రైట్ ఆఫ్ వే (రోడ్డు భూమి) వ్యవహారాలు చూసేవాళ్ళు పాత ప్లాన్ తెరిస్తే పాత అంకెతోనే వెతుకుతారు.

వంపుల గురించి ఒక్క మాట. అడుగుల ప్లాన్లలో పాతకాలపు ఇంజినీర్లు డిగ్రీ ఆఫ్ కర్వ్ (వంద అడుగుల వంపుకి ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో) రాసేవాళ్ళు, మెట్రిక్‌లో రేడియస్ మాత్రమే. 500 మీటర్ల రేడియస్ అంటే 1640.42 అడుగులు, 5729.58ని దానితో భాగిస్తే దాదాపు 3.49 డిగ్రీలు. దాన్ని మూడున్నర అని గుండ్రం చేయకండి, ఆ వంపుని 500 మీటర్లుగానే గీశారు, అలాగే కట్టారు.

రెండు రకాల అడుగులు

ఇది వినగానే చాలామంది నమ్మరు. అమెరికాలో అడుగు రెండు రకాలు. 1893 నాటి నిర్వచనం నుంచి వచ్చిన సర్వే అడుగు, అంటే మీటరుని 3937 భాగాలు చేస్తే అందులో 1200. 1959లో వచ్చిన అంతర్జాతీయ అడుగు, కచ్చితంగా 0.3048 మీటరు. తేడా పది లక్షల్లో రెండు భాగాలు. లేన్ వెడల్పుకి, పైపు పొడవుకి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. పైన చూసిన 12,400 మీటర్ల స్టేషన్‌కి తేడా ఒక అంగుళం దాకా వస్తుంది. కానీ స్టేట్ ప్లేన్ కోఆర్డినేట్లకి (రాష్ట్రం సర్వే గ్రిడ్ మీద స్థానం చెప్పే అంకెలకి) వచ్చేసరికి అంకెలు లక్షల్లో ఉంటాయి, అక్కడ దెబ్బ పడుతుంది. నార్తింగ్ (ఉత్తరం వైపు దూరం) 6,00,000 మీటర్లు అనుకోండి. సర్వే అడుగుల్లో 19,68,500.000. అంతర్జాతీయ అడుగుల్లో 19,68,503.937. దాదాపు నాలుగు అడుగులు పక్కకి జరిగింది. నాలుగు అడుగులంటే పైల్ ఫౌండేషన్ వేరే చోట పడటం, లేదా పక్కవాడి స్థలంలోకి కంచె వెళ్ళడం.

ఏ రాష్ట్రం ఏది వాడిందో రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది. అరిజోనా, మిషిగన్, ఒరెగాన్‌లాంటివి అంతర్జాతీయ అడుగు తీసుకున్నాయి, కాలిఫోర్నియా, టెక్సస్‌తో సహా ఎక్కువ రాష్ట్రాలు సర్వే అడుగు. 2022 చివరితో సర్వే అడుగుని అధికారికంగా పక్కన పెట్టారు, కానీ పాత ప్రాజెక్టుల్లో, పాత కంట్రోల్ పాయింట్లలో (సర్వేలో స్థానం కచ్చితంగా తెలిసిన గుర్తుల్లో) అది అలాగే ఉంది. అందుకని మీ ప్రాజెక్టు సర్వేయర్‌ని ముందే అడిగి, ఏ అడుగో రాతపూర్వకంగా తెప్పించుకోండి. కాడ్ సాఫ్ట్‌వేర్‌లో కూడా యూనిట్ల జాబితాలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, మైక్రోస్టేషన్‌లో అయినా సివిల్ త్రీడీలో అయినా, చెయ్యి జారితే వేరేది ఎంచుకుంటాం. మెట్రిక్ ఫైల్‌ని రిఫరెన్స్ చేశాక తెలిసిన ఒక కంట్రోల్ పాయింట్ మీద కోఆర్డినేట్ చదివి, చేత్తో చేసిన లెక్కతో పోల్చండి. ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. గ్రిడ్ దూరాన్ని నేల దూరంగా మార్చే కంబైన్డ్ ఫ్యాక్టర్ అనేది ఇంకొకటి ఉంటుంది, అది దీనికంటే చాలా పెద్దది కూడా కావచ్చు. ఈ రెండు సవరణల్ని కలిపేయకుండా విడివిడిగా చేయండి.

కడ్డీలు, కాంక్రీటు

ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

అమెరికా కడ్డీల నంబర్లు అంగుళంలో ఎనిమిదో వంతులు. 5వ నంబరు అంటే ఎనిమిదింట ఐదు అంగుళాలు. 90ల మధ్యలో వీటిని సాఫ్ట్ మెట్రిక్ చేశారు, అంటే కడ్డీ అదే, నంబరు మాత్రం మిల్లీమీటర్లకి దగ్గరగా పెట్టారు. 3 కాస్తా 10 అయింది, 4 అంటే 13, 5 అంటే 16, 6 అంటే 19, 7 అంటే 22, 8 అంటే 25, 9 అంటే 29, 10 అంటే 32, 11 అంటే 36, 14 అంటే 43, 18 అంటే 57. ఈ రెండు జాబితాలని పక్కపక్కన పెట్టి చూడండి, రెండిట్లోనూ ఉన్న నంబరు ఒక్కటే, 10. మెట్రిక్ 10 అంటే సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల కడ్డీ, వైశాల్యం 71 చదరపు మిల్లీమీటర్లు. మామూలు 10 అంటే 32 మిల్లీమీటర్లు, వైశాల్యం 819. పదకొండు రెట్లకి పైగా తేడా.

నా మొదటి ఉద్యోగంలో ఒక రిటైనింగ్ వాల్ సరిచూసేటప్పుడు నేను ఈ పొరపాటే చేశాను. స్ప్రెడ్‌షీట్‌లో 10 అని కొట్టాను, అది అడుగుల పట్టిక నుంచి వైశాల్యం తీసుకుంది, గోడ బ్రహ్మాండంగా నిలబడుతుందని జవాబొచ్చింది. మా సీనియర్ ఒకాయన "ఈ గోడకి ఇంత ఇనుము ఎవరు పెడతారు?" అని అడిగి ప్లాన్ తెరిపించాడు. ఆయన అడగకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. అప్పట్నుంచీ లెక్కలోకి కడ్డీ నంబరు ఎక్కించను, వైశాల్యమే ఎక్కిస్తాను, మీరూ అలాగే చేయండి.

మన కడ్డీలతో కూడా కలపకండి. మెట్రిక్ 16 మన 16 మి.మీ. కడ్డీకి దగ్గరే, కానీ 19 మన 20 కాదు, 13 మన 12 కాదు. ఇంకా మొదట్లో గీసిన కొన్ని ప్లాన్లలో 15ఎం, 20ఎం, 25ఎం, 30ఎం అని కనిపిస్తే అవి హార్డ్ మెట్రిక్ సైజులు, కెనడాలో వాడేవి. 15ఎం వైశాల్యం 200, 20ఎం 300, 25ఎం 500, 30ఎం 700 చదరపు మిల్లీమీటర్లు. సైట్‌లో కాంక్రీటు చిప్ చేసి కడ్డీ బయటపడితే దాని మీద అచ్చు చూడండి, చాలా మిల్లులు ఏళ్ళ తరబడి మెట్రిక్ నంబరే వేశాయి. 16 అని ఉండి గ్రేడ్ దగ్గర 4 ఉంటే అది 420 గ్రేడ్ 5వ నంబరు కడ్డీ.

గ్రేడ్ 420 అంటే ఇక్కడి గ్రేడ్ 60. 420 మెగాపాస్కల్స్‌ని లెక్క వేస్తే 60.9 కేఎస్ఐ (చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు) వస్తుంది, కానీ 60 మాత్రమే వాడండి. ప్లాన్‌లో 400 అని ఉంటే అది 58 కేఎస్ఐ, దాన్ని 60 అనుకోకుండా 58తోనే లెక్క కట్టండి.

కాంక్రీటు దగ్గర మన చదువే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ప్లాన్ మీద 28 మెగాపాస్కల్స్ అని చూడగానే మనకి ఎం25కీ ఎం30కీ మధ్య ఏదో అనిపిస్తుంది. కాదు. మనది 150 మి.మీ. క్యూబ్ బలం, వీళ్ళది సిలిండర్ బలం. సిలిండర్ బలం క్యూబ్ బలంలో సుమారు 80 శాతం ఉంటుంది, కాబట్టి ఈ 28 మన లెక్కలో ఎం35 దగ్గర. అడుగుల లెక్కలోకి తెస్తే 4061 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వస్తుంది, అసలు ఉద్దేశం 4000, అదే వాడండి.

ఉక్కు బీములు సాఫ్టే. డబ్ల్యూ920×201 అని ఉంటే అది డబ్ల్యూ36×135, అదే బీము. మొదటి అంకె మి.మీ.లలో లోతు, రెండోది మీటరుకి కిలోలు. రెండో అంకెని 0.672తో గుణిస్తే అడుగుకి పౌండ్లు వస్తాయి, దాంతో పట్టికలో వెతకండి. బోల్టులు మాత్రం అలా కాదు, ఎం22 బోల్టుకీ ఎనిమిదింట ఏడు అంగుళాల బోల్టుకీ మర వేరు, నట్టు వేరు, పాత బోల్టు మార్చాల్సి వస్తే సైట్‌లో చూసే ఆర్డర్ పెట్టాలి. బ్రిడ్జి ఎంత బరువు మోస్తుందో చూపే పాత లోడ్ రేటింగ్ షీట్లలో ఎంఎస్18 కనిపిస్తే కంగారుపడకండి, అది ఇక్కడి లెక్కల్లో బరువు కింద ఊహించే హెచ్ఎస్20 లారీయే.

వాలు, నీరు, బరువు

వాలు రాసే తీరు తిరగబడింది. అడుగుల ప్లాన్‌లో 4:1 అంటే అడ్డంగా నాలుగు, నిలువుగా ఒకటి. మెట్రిక్ ప్లాన్‌లో నిలువు ముందు వస్తుంది, అదే వాలుని 1:4 అని రాస్తారు. మెట్రిక్ షీటులో 2:1 కనిపిస్తే అది బాగా నిటారైన రాతి కోత, గడ్డి వేసే కట్ట కాదు. అనుమానం ఉంటే క్రాస్ సెక్షన్ మీద కొలవండి, మాటల మీద వాదించుకోవద్దు.

డ్రైనేజీ లెక్కల్లో నీటి ప్రవాహం కట్టే మ్యానింగ్ ఫార్ములాకి మీటర్లలో ముందు 1 ఉంటుంది, అడుగుల్లో 1.486. 'ఎన్' (పైపు గరుకుతనం) విలువ మాత్రం రెండిట్లోనూ అదే, దాన్ని మార్చకూడదు. మన పుస్తకాల్లో చదివిన ఫార్ములాని అలవాటుగా రాసి అందులో అడుగులు వేస్తే ప్రవాహం మూడో వంతు తక్కువ కనిపిస్తుంది, అవసరం లేని పెద్ద పైపు పెడతారు. పైపు సైజులు 300, 450, 600, 900 అంటే వరసగా 12, 18, 24, 36 అంగుళాలు.

క్వాంటిటీ షీట్లలో తారు మిక్స్‌కి యూనిట్‌గా పెద్ద ఎం, చిన్న జీ కలిపి రాసి ఉంటే అది మెగాగ్రామ్, అంటే వెయ్యి కిలోల మన టన్ను. ఇప్పటి ఎస్టిమేట్‌లో టన్ను అంటే 2000 పౌండ్లు, 907 కిలోలే. ఒక మెగాగ్రామ్ అంటే 1.102 ఇక్కడి టన్నులు. పాత రేట్లు పోల్చేటప్పుడు రేటుని తలకిందులుగా మార్చాలన్నది మర్చిపోవద్దు: క్యూబిక్ మీటరుకి 100 డాలర్లంటే క్యూబిక్ గజానికి 76.46 డాలర్లు, 130 కాదు.

మన ఊళ్ళలో ఇంటి స్థలం గజాల్లో, పొలం ఎకరాల్లో, అందులోనూ తెలంగాణలో గుంటలు, ఆంధ్రలో సెంట్లు, రిజిస్ట్రేషన్ కాగితంలో చదరపు మీటర్లు. అయినా ఎవరూ గుంటనీ సెంటునీ కలిపి కూడరు, ఎందుకంటే ఒక్కో అంకె పక్కన యూనిట్ పలకకుండా మాట్లాడరు. అదే అలవాటు ఇక్కడ కాగితం మీదకి తెచ్చుకుంటే చాలు.

మీ షీట్ల మీద ఎలా రాయాలి

పాత కొలత చూపించిన ప్రతిచోటా అసలు మెట్రిక్ అంకె ముందు, దాని పక్కన అడుగుల్లో మార్చిన అంకె, రెండూ ఉంచండి. మార్చిన అంకెని మళ్ళీ ఎవరూ వెనక్కి మార్చకూడదు, అలా రెండు మూడుసార్లు తిరిగితే 3.600 కాస్తా 3.597 అయిపోవడం నేను చూశాను. లెక్క చేసేటప్పుడు అంకెలన్నీ పూర్తిగా ఉంచి, షీటు మీద రాసేటప్పుడే కుదించండి. సరిచూసేవాళ్ళకి ఇచ్చేటప్పుడు మార్చిన లెక్కలన్నీ ఒకే పేజీలో పెట్టి ఇవ్వండి, వాళ్ళు మీ అంకెలు చూడకుండా ముందు సొంతంగా లెక్క వేసి తర్వాత పోల్చాలి.

జనరల్ నోట్స్‌లో పెట్టడానికి నేను వాడే వాక్యం ఇలా ఉంటుంది, ఇంగ్లీషులోకి మీ డీఓటీ పద్ధతిలో మార్చుకోండి: "ఉన్న నిర్మాణం కొలతలు 1998 నాటి మెట్రిక్ ప్లాన్ల నుంచి తీసుకున్నవి. అడుగుల్లోకి మార్చడానికి వాడినది సర్వే అడుగు. ఉన్న కడ్డీల నంబర్లు మెట్రిక్‌వి, కొత్త కడ్డీల నంబర్లు అంగుళాలవి. కొత్త పని ఉన్నదానితో కలిసే ప్రతిచోటా కాంట్రాక్టరు ఉక్కు ఆర్డర్ పెట్టకముందే సైట్‌లో కొలిచి నిర్ధారించుకోవాలి." ఇందులో సంవత్సరం, అడుగు రకం మీ ప్రాజెక్టుకి తగ్గట్టు మార్చండి, కడ్డీల వాక్యం మాత్రం ఎవరు ఎడిట్ చేసినా పోకుండా చూసుకోండి.